ఎలుక చెవిలోని ఎర్ర చుక్క: దాని పేరు మనకెందుకు?



తొలకరి వాన పడిన మర్నాడు గట్ల మీద ఎర్రని మఖమల్ ముక్కల్లా పాకే ఆరుద్ర పురుగులను మనలో చాలామంది చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో దాచుకున్నవాళ్లమే. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని బొమ్మలా ఉండిపోతుంది. ఎవరికీ హాని చేయదు. ఈ నెల పాఠం ఆ పురుగుకు దగ్గర చుట్టమైన మరొక పురుగు గురించి. ఇది అంత అందంగా కనబడదు. నిజం చెప్పాలంటే అసలు కనబడదు. మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. ఎలుకలు, పందికొక్కులు, చుంచులు, ఉడుతల చెవుల్లో గుంపుగా అంటుకుని ఉన్నప్పుడు మాత్రం ఎవరో నారింజ రంగు పొడి చల్లినట్టు కనిపిస్తుంది. దీనిని చిగ్గర్ అంటారు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని మనకు అంటించేది ఇదే.

ఆసుపత్రి పత్రికలో పురుగుల పాఠమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. ఎందుకు మనసు మారిందో ముందు చెబుతాను.

1990ల మొదట్లో డిప్లొమా పూర్తిచేసి కొత్తగా డ్యూటీలో చేరాను. అది వేరే ఊరు, వేరే ఆసుపత్రి. మేకలు కాసే కుర్రవాడొకడు పది రోజుల జ్వరంతో వచ్చాడు. మలేరియా పరీక్షలో ఏమీ లేదు. టైఫాయిడ్ అనుకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నాలుగో రోజు ఊపిరి అందక చనిపోయాడు. నేను, ఇంకొక సిస్టర్ కలిసి శరీరాన్ని కడిగి సిద్ధం చేస్తుండగా మొలతాడు కింద శనగగింజంత నల్లని చెక్కు కనబడింది. చుట్టూ ఎర్రని అంచు. "బీడీ నిప్పు పడి ఉంటుంది" అనుకున్నాం. వాళ్లమ్మ బయట వరండాలో ఉంది. ఆమెతో ఆ మచ్చ మాట కూడా ఎత్తలేదు. చాలా ఏళ్ల తరువాత ఒక శిక్షణ తరగతిలో తెర మీద సరిగ్గా అలాంటి మచ్చ బొమ్మ చూపించి, "ఇది చిగ్గర్ కుట్టిన చోటు, స్క్రబ్ టైఫస్ గుర్తు" అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం నేను భోజనం చేయలేకపోయాను. అతను వార్డులో ఉన్న నాలుగు రోజులూ ఆ మచ్చ అక్కడే ఉంది. మేము చూడలేదు, అంతే.

పేరులోనే మొదటి చిక్కు

తెలుగులో ఈ పురుగుకు స్థిరమైన పేరు లేదు. పత్రికలు "నల్లిని పోలిన పురుగు" అని రాస్తాయి. దానితో మన వాళ్లు మంచాల నల్లి అనుకుని పరుపులు ఎండలో వేసి, జ్వరం రాదని ధైర్యంగా ఉంటారు. మంచంలో ఉండే నల్లి ఆరు కాళ్ల కీటకం. మిరప తోటకు నల్లి పట్టిందని రైతులు చెప్పేది వేరే జాతి, దానికి పెద్దయ్యాక ఎనిమిది కాళ్లు. సాలీడు, తేలు, పశువులకు పట్టే గోమారు, ఆరుద్ర పురుగు, చిగ్గర్ ఇవన్నీ ఆ ఎనిమిది కాళ్ల వంశంలోనివే. ఆదాము జంతువులన్నిటికీ పేర్లు పెట్టాడని పిల్లలకు సండే స్కూలులో చెబుతాం గదా, ఈ చిన్నవాటి దగ్గరకు వచ్చేసరికి ఆ పని ఇంకా సాగుతూనే ఉందని నేను నవ్వుతూ అంటుంటాను.

ఈ పురుగు జీవితంలో ఒక వింత ఉంది. అది తెలిస్తే మిగతా పాఠమంతా సులువు. గుడ్డులో నుండి బయటికి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి. ఆ పిల్ల దశలో మాత్రమే, అదీ ఒక్కసారి మాత్రమే, ఇది జంతువును గాని మనిషిని గాని పట్టుకుంటుంది. రెండు మూడు రోజులు తిని, రాలిపోయి మట్టిలో చేరుతుంది. తరువాత ఎనిమిది కాళ్లు వస్తాయి. అప్పటి నుండి మట్టిలోనే ఉండి చిన్న పురుగుల గుడ్లు తిని బ్రతుకుతుంది. పెద్దదైన చిగ్గర్ ఎర్రని నూగుతో చిట్టి ఆరుద్ర పురుగులా ఉంటుంది గాని, దానికి మనతో పనే లేదు. కాబట్టి చిగ్గర్ అంటే పెద్ద పురుగు కాదు, పసిపిల్ల.

ఇంకొక పొరపాటు కూడా తీసివేయాలి. ఇది రక్తం పీల్చదు. చర్మంలోకి తన ఉమ్మి వదులుతుంది. ఆ ఉమ్మి లోపలి కణాలను కరిగించి గొట్టంలాంటి దారి చేస్తుంది. ఆ గొట్టంలో నుండి కరిగిన రసాన్ని తాగుతుంది. ఈ పని జరిగేటప్పుడు మనకు నొప్పి తెలియదు. దాని ఒంట్లో ఓరియెంషియా సుట్సుగాముషి అనే సూక్ష్మక్రిమి ఉంటే, అది ఆ ఉమ్మితో పాటు మనలోకి వస్తుంది. సుట్సుగాముషి అనేది జపాను మాట, ప్రమాదకరమైన పురుగు అనే భావం. ఆ దేశంలో నదుల ఒడ్డున పనిచేసే రైతులకు ఈ జ్వరం ఎంతో కాలంగా తెలుసు.

పలక, వెంట్రుకలు, నాలుక

ప్రపంచంలో 3,000కు పైగా చిగ్గర్ జాతులకు పేర్లు పెట్టారు. మన దేశంలో దొరికే వాటి మీద జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2003లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించింది. వీటిలో మనిషికి జ్వరం తెచ్చేవి చాలా కొద్ది. ఆ కొద్దిని మిగతా వాటి నుండి విడదీయడానికే ఈ వర్గీకరణ.

ఆ పని ఇలా జరుగుతుంది. సాయంత్రం పొదల అంచున, గట్ల వెంట, ఇళ్ల వెనుక బోనులు పెడతారు. ఎరగా కొబ్బరి ముక్కో, ఎండుచేపో వేస్తారు. తెల్లవారి పడిన జంతువులను గుడ్డ సంచుల్లో తీసుకుపోయి, మత్తు ఇచ్చి, ముందుగా అది ఏ జంతువో రాసుకుంటారు. ఇంటి ఎలుక, పందికొక్కు, చుంచు అని వేరువేరుగా. (చుంచును మనం ఎలుకే అనుకుంటాం. కాదు. అది పురుగులు తినే వేరే కుటుంబం. కాని చిగ్గర్‌కు ఈ తేడా పట్టదు, చుంచు మీదా ఎక్కుతుంది.) తరువాత తెల్లని పళ్లెం మీద పట్టుకుని సన్నని దువ్వెనతో దువ్వుతారు, చెవులు వెదుకుతారు. దొరికిన వాటిని సారాయి ద్రవంలో నిలవచేసి, ఒంటి రంగు పోయి పారదర్శకంగా కనబడేలా శుభ్రం చేసి, గాజు పలక మీద అతికించి మైక్రోస్కోపు కింద పెడతారు.

అక్కడ చూసేది ముఖ్యంగా ఒకే చోటు. పురుగు వీపు మీద, మెడకు దగ్గరగా ఒక చిన్న గట్టి పలక ఉంటుంది. ఆ పలక ఆకారమే దాని ఇంటిపేరు అనుకోండి. లెప్టోట్రాంబిడియం అనే ప్రజాతికి ఈ పలక మనం బళ్లో రాసుకున్న పలకలాగే అడ్డంగా వెడల్పుగా ఉంటుంది. ముందు రెండు మూలల్లో రెండు వెంట్రుకలు, ముందు అంచు మధ్యలో ఒకటి, వెనుక మూలల్లో రెండు, మొత్తం అయిదు. ఇవి గాక పలక మధ్యలో దారం పోగుల్లా సన్నగా పొడవుగా రెండు స్పర్శ వెంట్రుకలు ఉంటాయి. మన పక్క ఎలుకల మీద, ఉడుతల మీద బాగా దొరికే ఆస్కోషోంగాస్టియా అనే ఇంకొక ప్రజాతికి అదే చోట సన్నని పోగులు కాకుండా గదల్లా గుండ్రని తలలు ఉన్న వెంట్రుకలు ఉంటాయి. ఇక షోంగాస్టియెల్లా అనే దానికి పలక వెనక్కు సాగి నాలుకలా ఉంటుంది. దానిలో ఒక జాతి పేరు లిగులా. లాటిను భాషలో ఆ మాటకు చిన్న నాలుక అనే అర్థం. పేరు పెట్టినవాళ్లు చూసిందే రాశారన్నమాట.

ఇంటిపేరు తెలిశాక సొంత పేరు. దానికి వీపు మీది వెంట్రుకలు వరుస వరుసగా లెక్కపెట్టాలి, నోటి పక్కనున్న గోరు ఎన్ని చీలికలుగా ఉందో చూడాలి, పలక పొడవు వెడల్పులను మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన కొలవాలి. ఓపిక ఉన్నవాళ్ల పని. ల్యాబులో తెల్లకణాలు లెక్కపెట్టే మన టెక్నీషియన్లకు ఈ కష్టం అర్థమవుతుంది. ఇదంతా పసిపిల్ల దశలోని పురుగు మీదే చేస్తారు, ఎందుకంటే జంతువుల మీద దొరికేది పిల్లే. పెద్దది మట్టిలో ఎక్కడుందో వెదికి పట్టుకోవడం కష్టం. అందుకని ఈ శాస్త్రంలో పిల్లను చూసే వంశం చెబుతారు.

మన దేశంలో స్క్రబ్ టైఫస్‌కు ముఖ్యంగా పేరుపడినది లెప్టోట్రాంబిడియం డెలియెన్సె. సుమత్రా దీవిలోని డెలి అనే ప్రాంతం పేరు మీద వాల్ష్ అనే ఆయన 1922లో దీనికి ఆ పేరు ఇచ్చాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో వేలాది సైనికులు ఈ జ్వరం పాలయ్యారు. అప్పటి నుండి డాక్టర్లు, పురుగుల శాస్త్రవేత్తలు ఒకే గుడారంలో పనిచేయడం నేర్చుకున్నారు. 1948లో మలయాలో క్లోరాంఫెనికాల్ మందుతో ఈ జ్వరం నయమవుతుందని తేలింది. అయినా ఈ వర్గీకరణ ముగిసిపోయిన లెక్క కాదు. డార్జిలింగ్ ప్రాంతంలో జ్వరాలు వచ్చినప్పుడు ఎలుకల మీద వెదికిన వారికి ఆ నాలుక పలక పురుగు, షోంగాస్టియెల్లా లిగులా, ప్రధానంగా దొరికింది. డెలియెన్సె స్థానాన్ని ఇది తీసుకుందా అని వాళ్లు 2011లో ప్రశ్న లేవనెత్తారు. దక్షిణాదిలో పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ వారు ఇటువంటి సర్వేలు చేస్తుంటారు.

సర్వే చేసేవారు ఇంకొక లెక్క కూడా తీస్తారు. దొరికిన చిగ్గర్ల సంఖ్యను పరీక్షించిన జంతువుల సంఖ్యతో భాగిస్తారు. ఆ అంకె 0.69 దాటితే ఆ చోట జాగ్రత్త పడవలసిందే అని గుర్తు. ఒక్కొక్క ఎలుక చెవిలో పదులకొద్దీ ఉండగలవు గనుక ఈ అంకె ఎంత త్వరగా దాటిపోతుందో మీరే ఊహించండి.

అయితే ఎలుకలన్నిటినీ చంపేద్దామా?

ఈ ప్రశ్న నన్ను వార్డులో తరచు అడుగుతారు. "ఎలుక కరిచిందేమో సిస్టరమ్మా, ఇంటినిండా ఎలుకలే" అంటారు. ఎలుక కరిస్తే ఈ జ్వరం రాదు. వర్షాకాలంలో నీళ్లలో కలిసిన ఎలుక మూత్రం వల్ల వచ్చేదాన్ని మనం ఎలుక జ్వరం అంటాం. అది వేరు, ఇది వేరు. రెండింటిలోనూ జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటాయి గనుక కలగాపులగం అవుతుంది.

అసలు సంగతి ఏమిటంటే సూక్ష్మక్రిమికి నివాసం ఎలుక కాదు, ఆ పురుగే. తల్లి చిగ్గర్ నుండి గుడ్డు ద్వారా పిల్లకు క్రిమి సంక్రమిస్తుంది. పిల్ల జీవితంలో ఒక్కసారే తింటుందని చెప్పాను గదా. మనల్ని పట్టిన పిల్ల అంతకుముందు ఏ ఎలుక మీదా తినలేదు. దాని క్రిమి తల్లి ఇచ్చినదే. ఎలుక చేసేదల్లా ఆ పిల్లకు భోజనం పెట్టి, మోసుకుపోయి, ఇంకొక చోట దింపడం. పురుగు తనంతట తాను పుట్టిన చోటు నుండి కొన్ని అడుగులు కూడా దాటిపోదు. ఎగరదు, దూకదు. గడ్డి మొదళ్లలో, ఆకుల చెత్తలో గుంపుగా కూర్చుని ఊపిరి వాసన కోసం కాచుకుంటుంది. అందువల్ల ఒకే ఊరిలో ఒక పొద పక్కన చిగ్గర్లు కుప్పలుగా ఉంటాయి, పక్క పొద కింద ఒక్కటీ ఉండదు. ఒక ఇంట్లో ఇద్దరికి జ్వరం వచ్చి ఎదురింట్లో ఎవరికీ రాకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. మనిషి నుండి మనిషికి ఇది అంటదు.

కాబట్టి ఎలుకల మందు ఒక్కటే పెట్టి ఊరుకుంటే చాలదు. ఆకలిగా కాచుకున్న పిల్లలకు ఎలుక దొరకకపోతే పక్కన నడిచేది మనిషే. ముందు ఇంటి చుట్టూ పొదలు, గడ్డి కొట్టించి ఎండ తగలనివ్వాలి. చెత్త, కట్టెల కుప్పలు ఇంటికి దూరం చేయాలి. దానితో పాటు ఎలుకల సంగతి చూసుకోవాలి. బోనులో పడిన ఎలుకను, చచ్చిన ఎలుకను ఒట్టి చేతులతో పట్టుకోవద్దు. చెవులు తిప్పి చిగ్గర్లు ఉన్నాయేమో చూద్దామనే ఉత్సాహం ఈ పాఠం చదివిన కుర్రాళ్లకు రావచ్చు. వద్దు నాయనా, ఆ పని నేర్చినవారిది.

మన సంఘంలో ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సమాధుల పండుగకు ముందు, అక్టోబరు చివర, కుటుంబాలన్నీ వెళ్లి సమాధుల చుట్టూ పెరిగిన గడ్డి పీకి సున్నం వేసుకుంటాం. వానలు వెలిసి గడ్డి ఏపుగా పెరిగి, ఎలుకల కన్నాలు నిండుగా ఉండే రోజులవి. దక్షిణాదిలో ఈ జ్వరాలు వానల తరువాత మొదలై చలికాలమంతా వస్తాయి. వేలూరులో 2001 చివర నుండి 2002 మొదటి వరకు గుర్తించిన జ్వరాలు కూడా చలి నెలల్లోనివే. 2025 చివరి నెలల్లో ఆంధ్రప్రదేశ్ పత్రికల్లో స్క్రబ్ టైఫస్ పేరు ఎంతగా వినబడిందో మీకు గుర్తుండే ఉంటుంది. అందుకని ఆ పనికి వెళ్లేటప్పుడు నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే బట్టలు, చెప్పులు కాక బూట్లు వేసుకోండి. గడ్డి మీద చతికిలపడి కూర్చోవద్దు, చాప పరచుకోండి. విప్పిన కండువా, చీర పొదల మీద ఆరవేయవద్దు. ఇంటికి రాగానే ఆ బట్టలు వేడినీళ్లలో నానబెట్టి, సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చేయండి. పురుగు కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది, రుద్దితే పోతుంది. పొలానికి, మేకల వెంట, కట్టెలకు వెళ్లేవారికి ఇది రోజువారీ జాగ్రత్త.

మన చెవి ఎక్కడ?

ఎలుక మీద చిగ్గర్ చెవిని ఎందుకు ఎంచుకుంటుంది? అక్కడ చర్మం పలుచన, గోకినా అందదు, మరుగు ఉంటుంది. మనిషి మీదకు ఎక్కినప్పుడు కూడా అది అటువంటి చోటే వెదుకుతుంది. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము దగ్గర బట్ట బిగుసుకునే చోటు, మొలతాడు కింద, చెవి వెనుక, పిల్లలకైతే మర్మావయవాల దగ్గర. పురుగుల శాస్త్రవేత్త ఎలుక చెవి వెదికినట్టే నర్సు రోగి ఒంటి మడతలు వెదకాలి. నేను ఈ పాఠాన్ని అక్కడి నుండి నేర్చుకున్నాను.

కొన్నేళ్ల క్రితం మన వార్డులో గడ్డి కోసే పనికి వెళ్లే ఒక తల్లి చేరింది. ఎనిమిది రోజుల జ్వరం, విపరీతమైన తలనొప్పి, పొడిదగ్గు. ప్లేట్‌లెట్లు తగ్గాయి. అందరమూ డెంగ్యూ అనుకున్నాం. రెండవ రోజు ఉదయం ఒళ్లు తుడుస్తున్న స్టూడెంట్ నర్సు పరుగెత్తుకొచ్చి, "సిస్టర్, ఆమె కుడి రొమ్ము కింద కాలినట్టు మచ్చ ఉంది" అంది. ఆమెను అడిగితే "రవిక ఒరుసుకుందమ్మా, నొప్పేమీ లేదు, అందుకే చెప్పలేదు" అన్నది. నొప్పి లేకపోవడమే దాని గుణం. డాక్టరుగారు చూసి డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. మూడో రోజుకు జ్వరం దిగి, కూతురు తెచ్చిన గంజి తాగింది. రక్తపరీక్ష ఫలితం తరువాత వచ్చింది, స్క్రబ్ టైఫసే. ఆ స్టూడెంటును తరగతి ముందు నిలబెట్టి మెచ్చుకున్నాను. ఆమెకు అర్థం కాలేదు నేనెందుకు కళ్లు తుడుచుకున్నానో.

మచ్చ అందరికీ ఉండదు. లేనంత మాత్రాన ఈ జ్వరం కాదని చెప్పలేం. చిగ్గర్ పట్టిన ఆరు రోజుల నుండి మూడు వారాల లోపు జ్వరం మొదలవుతుంది. అందుచేత నిన్న ఎక్కడికి వెళ్లారని కాక, గడచిన మూడు వారాల్లో ఎక్కడెక్కడ తిరిగారని మేము అడుగుతాం. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతింటాయి. సాధారణంగా జ్వరాలకు వేసే పెన్సిలిన్ జాతి మందులు దీని మీద పనిచేయవు. ఆ మేకల కుర్రవాడి విషయంలో జరిగింది అదే. డాక్సీసైక్లిన్ గాని, గర్భిణులకు అజిత్రోమైసిన్ గాని డాక్టరు రాస్తారు. రెండూ ఖరీదైన మందులు కావు. బాగా ముదిరిన రోగులకు ఈ రెండు మందులను కలిపి నరం ద్వారా ఇస్తే ఒక్కొక్కటి ఇచ్చినదానికంటే మేలని, వేలూరు సి.ఎం.సి. ఆధ్వర్యంలో మన దేశంలోని ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన 2023లో తేల్చింది. డాక్సీసైక్లిన్ బిళ్లను ఏదైనా తిన్న తరువాత నిండు గ్లాసు నీళ్లతో మింగి, వెంటనే పడుకోకుండా కూర్చోవాలి. పాలతో వేసుకోవద్దు. జ్వరం దిగిందని మధ్యలో ఆపవద్దు. షాపులో అడిగి సొంతంగా కొనుక్కోవద్దు. ఈ జ్వరానికి టీకా లేదు.

మచ్చ కనబడితే గీకవద్దు, సున్నం, పసుపు, కిరోసిన్ పెట్టవద్దు. ఆకు పసర్లు రాసుకుని వస్తే మాకు గుర్తుపట్టడం కష్టమవుతుంది. అయిదు రోజులు దాటిన జ్వరం ఉంటే ఇంట్లోనే అద్దం ముందు, లేదా ఇంట్లో వాళ్ల సాయంతో, నేను చెప్పిన మడతలన్నీ చూసుకుని రండి. ముసలివారికి, పసివారికి మీరే చూడండి.

ఓ.పి.లో బి.పి. చూసే బల్ల వెనుక మందపాటి తెర కట్టించాం. స్త్రీలను స్త్రీ సిస్టర్లే చూస్తారు, వెంట అమ్మగాని అత్తగాని ఉండవచ్చు. సిస్టర్ "ఒకసారి చేతులు పైకెత్తండమ్మా, నడుము దగ్గర చూడనివ్వండి" అంటే సిగ్గుపడి వెనక్కు తగ్గవద్దు. పొలానికి వెళ్లారా, గడ్డి కోశారా, సమాధుల తోటకు వెళ్లారా అని అడిగితే, జ్వరానికీ దానికీ ఏం సంబంధమని విసుక్కోకుండా చెప్పండి.